రెండో ప్లటూన్ కాళ్లు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, నవంబరు నెలలో, నన్ను ఒక పదాతి బెటాలియన్‌కి చీఫ్ మెడిక్‌గా వేశారు. బెటాలియన్‌లో డాక్టరు తర్వాత ఆరోగ్యం పూచీ చీఫ్ మెడిక్‌ది. డాక్టరు కెప్టెన్ హోదాలో ఉంటాడు, కొన్నాళ్లకి మారిపోతాడు. చీఫ్ మెడిక్ వారెంట్ ఆఫీసర్, అంత తొందరగా కదలడు. సింగపూర్ సైన్యంలో వారెంట్ ఆఫీసర్ని 'ఎంచిక్' అంటారు. మలయ్ మాట అది, మన 'అయ్యగారూ' లాంటిది. కల్నల్ దగ్గర్నుంచి నిన్న చేరిన కుర్రాడి దాకా అందరూ అలాగే పిలుస్తారు. నా పేరు అప్పారావు. ఏళ్ల తరబడి ఎంచిక్ రావ్ అనిపించుకున్నాక, ఇప్పుడు ఎవరైనా అప్పారావుగారూ అంటే ఎవర్నో అనుకుని పక్కకి చూస్తాను.

మా నాన్న శ్రీకాకుళం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడి ఓడల రేవులో ఫిట్టరుగా చేశాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పటాలంలో మలయ్. ఇప్పుడు ఉంటున్నది యూ టీ అనే పేటలో. మా బ్లాకు కింద బెంచీ మీద కూర్చుంటే చాలు, ఈమధ్య వచ్చిన తెలుగువాళ్లు ఎవరో ఒకరు పక్కన చేరతారు. కొడుక్కి పద్దెనిమిది నిండి, ఇక్కడ కుర్రాళ్లకి తప్పనిసరైన రెండేళ్ల సైన్యానికి రమ్మని పిలుపొచ్చి ఉంటుంది. తుపాకులు నిజమైనవేనా, తిండి ఎలా ఉంటుంది, వారం వారం ఇంటికి పంపుతారా అని అడుగుతారు. కాళ్ల గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను చెప్పాల్సింది వాటి గురించే.

ఆ నెలాఖర్లో మా బెటాలియన్‌కి రక్షణ విన్యాసం పడింది. శత్రువు వస్తున్నాడనుకుని ఒక గుట్ట మీద కందకాలు తవ్వుకోవాలి, వాటిలోనే బతకాలి, చివర్లో లేచి నిండా బరువు మోసుకుని క్యాంపు దాకా నడవాలి. పై నుంచి వచ్చిన అధికారులు దగ్గరుండి చూసి మార్కులు వేస్తారు. ఆ చివరి నడకలో ఎవరైనా చతికిలబడితే మార్కులు గంగలో కలిసినట్టే. ఆ గుట్ట దీవికి పడమటి వైపు ఉంది. పైకెక్కితే చెట్ల మీదుగా జురాంగ్ వెస్ట్ అపార్టుమెంట్లు కనపడతాయి. సొంత ఇంటి కిటికీ కనపడే కందకంలో కూర్చోవడం మా సైన్యానికే చెల్లింది.

కందకం అంటే ఊరికే గొయ్యి కాదు. ఇద్దరికొకటి తవ్వుతారు. నిలబడితే ఛాతీ దాకా రావాలి. చంకోల్ అని ఇక్కడి పార ఒకటుంది, మన పలుగూ పారా రెండు పనులూ అదే చేస్తుంది. ముందు దానితో పైమట్టి తీస్తారు. అడుగున ఒక మూల ఇంకా లోతుగా చిన్న గుంట తీస్తారు, వాన నీళ్లు అందులోకి దిగాలని. పైన కర్రలూ ఇసుక బస్తాలూ వేసి సగం కప్పుతారు. ఇద్దరిలో ఒకడు కాపలా ఉంటే ఇంకొకడు గోడకి ఆనుకుని కునుకు తీస్తాడు. తిండి పొట్లాల్లో వస్తుంది, ఎక్కువసార్లు చల్లగానే తినాలి. మరుగుదొడ్డి గాలివాటు చూసి దూరంగా తవ్వాలి, వాడిన ప్రతిసారీ మట్టి కప్పాలి. నీళ్లు తాగడం కూడా ఆజ్ఞ ప్రకారమే జరుగుతుంది. అందర్నీ నిలబెట్టి, సీసా ఎత్తించి, ఖాళీ చేసి తలకిందులుగా పట్టి చూపించమంటారు. ఈ ఎండల్లో మనిషి దాహం వేశాక తాగుదామంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

పాత పెద్ద యుద్ధాల్లో సైనికులు చలి బురదలో నెలల తరబడి ఉండిపోయారు. గుండు తగిలినవాడి సంగతి సరే, గుండు తగలనివాడికి పాదాలు కుళ్లిపోయేవి. చివరికి కాళ్లకి తిమింగలం నూనె రాయించి, రోజూ సిపాయిల పాదాలు చూడటం ఆఫీసర్ల విధి అని ఆజ్ఞలిచ్చారు. మాకు శిక్షణలో ఇది చెప్తారు. కుర్రాళ్లు ఆవలిస్తూ వింటారు. అది చలిదేశాల గోల, మనకేంటి అనుకుంటారు. ఇప్పుడు టీవీలో మళ్లీ కందకాలు చూస్తున్నాం. పైన డ్రోన్లు తిరుగుతున్నా కింద మనిషి ఉండేది ఆ మట్టిలోనే, ఆ బూట్లలోనే. వెచ్చటి నీళ్లు కూడా కాలిని పాడు చేస్తాయి. కాకపోతే తీరు వేరు. అరికాలు తెల్లబడి ముడతలు పడి మెత్తబడుతుంది, అడుగు వేస్తే గులకరాళ్ల మీద నడిచినట్టుంటుంది. ఆరబెడితే నయమవుతుంది. పట్టించుకోకపోతే తోలు ఊడొస్తుంది, చీము పడుతుంది.

బెటాలియన్‌లో కొన్ని కంపెనీలుంటాయి, ఒక్కో కంపెనీలో మూడు ప్లటూన్లు; ఈ కథ జరిగిన కంపెనీకి కమాండర్ కెప్టెన్ గో. వయసులో నా మేనల్లుడంత ఉంటాడు, నేను సర్ అనేవాణ్ణి, ఆయన నన్ను ఎంచిక్ అనేవాడు. మంచి పనిమంతుడు. చొక్కా మడతలో కూడా గీత తప్పనివ్వడు. బయల్దేరే ముందు కంపెనీ మొత్తాన్ని కూర్చోబెట్టి, ఇది వానాకాలం, ఎవరి కాళ్లు తడిసినా నాకు జవాబు చెప్పాలి, బూటులోకి చుక్క నీరు పోకూడదు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆజ్ఞలో తప్పేమీ కనిపించలేదు. మా మెడిక్‌లు ప్రతి ఒక్కరికీ కాళ్లకి చల్లుకునే పౌడరూ, మార్చుకోవడానికి సాక్సూ ఇచ్చారు. రోజూ సాయంత్రం బూట్లు విప్పి, కందకంలో ఉన్న ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరు చూసుకోవాలని పద్ధతి. అది కూడా చెప్పాం.

వాన మొదటి రోజే పట్టుకుంది. పిడుగుల హెచ్చరిక వచ్చినప్పుడల్లా యుద్ధం ఆపి అందర్నీ బండ్లలోకి ఎక్కించడం, అది పోగానే మళ్లీ కందకాల్లోకి దింపడం. శత్రువుకి భయపడకపోయినా పిడుగుకి భయపడాలి మరి. మూడు రోజులు గడిచేసరికి దోమకాట్లు, దద్దుర్లు, ఒకరిద్దరికి జ్వరం, మామూలుగా వచ్చేవే వచ్చాయి. చివరి నడకకి ముందు రోజు పొద్దున్న నా టెంటు ముందు ఒక వరస నిలబడింది. రెండో ప్లటూన్‌లో దాదాపు అందరూ. ముందు నిలబడి వాళ్లని వరసలో పెట్టి తీసుకొచ్చినవాడు సార్జెంట్ నిఖిల్.

ఈ కుర్రాడు మనవాడే. వాళ్లది జురాంగ్ వెస్ట్. తల్లి శిరీష చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో పనిచేస్తుంది. ఉగాది భోజనాల దగ్గర ఒకటి రెండుసార్లు పలకరించుకున్న పరిచయం, అన్నయ్యగారూ అంటుంది. నిఖిల్‌కి పందొమ్మిదేళ్లు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, నోటి నుంచి మాత్రం రాదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్తాడు. పనిలో మాత్రం చురుకు. పది నెలల్లో సార్జెంట్ అయ్యాడు, ఆఫీసర్ శిక్షణకి పంపాల్సిన వాళ్లలో వాడి పేరు కూడా వెళ్లింది.

బూట్లు విప్పించాను. అందరి పాదాలూ ఒకేలా ఉన్నాయి. తెల్లగా, ఉబ్బి, నానబెట్టిన బియ్యంలా మెత్తగా. ఒకరిద్దరికి మడమ దగ్గర తోలు లేచింది. నిఖిల్ పాదాలు అందరికంటే అధ్వానంగా ఉన్నాయి, వాడు మాత్రం నిటారుగా నిలబడ్డాడు. ఏం చేశార్రా కాళ్లకి అంటే, వరసలో ఒక్కొక్కడూ అదే జవాబు చెప్పాడు. "పౌడర్ ఆల్సో పుట్, ఎంచిక్. న్యూ సాక్స్ ఆల్సో వేర్." డాక్టరు చూసి, వీళ్లు నడవకూడదు, బండిలో క్యాంపు వైద్యశాలకి పంపండి అన్నాడు. పంపేశాం.

ఇక్కడ మీకో మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా పటాలాల్లో 'కెంగ్' అని ఒక తిట్టు ఉంది. ఒంట్లో ఏమీ లేకపోయినా జబ్బు నటించి పని ఎగ్గొట్టేవాణ్ణి అంటారు. బూతు కాదుగానీ కుర్రాళ్లు బూతు కంటే దీనికే ఎక్కువ భయపడతారు. ఒకసారి అంటుకుందంటే రెండేళ్ల సేవ అయ్యేదాకా వదలదు. ఈ భయంతో నిజంగా జబ్బు చేసినవాళ్లు కూడా చెప్పరు. ఇటువైపు కమాండర్లేమో చెప్పిన ప్రతివాణ్ణీ అనుమానంగా చూస్తారు. మెడిక్ బతుకంతా ఈ రెంటి మధ్యే.

కెప్టెన్ గో నా టెంటుకి వచ్చాడు. ఆయన లెక్క ఆయన చెప్పాడు. మూడు ప్లటూన్లదీ ఒకే గుట్ట, ఒకే బురద, ఒకే వాన. ఒకటో ప్లటూన్‌కి ఏమీ కాలేదు, మూడో ప్లటూన్‌కి ఏమీ కాలేదు. రెండోదానికే వచ్చింది, అదీ నడకకి సరిగ్గా ముందురోజు, అందరికీ ఒకేసారి. అడిగితే పాఠం అప్పజెప్పినట్టు ఒకే జవాబు. వాళ్లని పోగుచేసి తీసుకొచ్చినవాడు ఒకడు. కావాలని కాళ్లు నీళ్లలో నానబెట్టుకున్నారు, చేయించింది నిఖిల్, రేపు సాయంత్రం కల్నల్ ముందు నేరం మోపుతున్నాను అన్నాడు.

ఆ లెక్కని నేను కొట్టిపారేయలేకపోయాను. నేరం రుజువైతే ఏమవుతుందో నాకు తెలుసు. సేవ తప్పించుకోవడానికి సొంత ఒంటికి హాని చేసుకోవడం సైనిక చట్టంలో నేరం. కల్నల్ విచారించి నిర్బంధ శిబిరానికి పంపొచ్చు. ఆఫీసర్ శిక్షణ మాట ఎలాగూ పోతుంది. అన్నిటికంటే ముందు, తన కింద ఉన్నవాళ్ల కాళ్లు పాడుచేయించిన సార్జెంట్ అనే పేరు ఆ కుర్రాడికి ఉండిపోతుంది.

నాకు రేపు మధ్యాహ్నం దాకా టైమివ్వండి సర్ అన్నాను. ఆయన, ఎంచిక్, అతను మీవాళ్ల కుర్రాడని నాకు తెలుసు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ బెటాలియన్‌లో ఉన్న కాళ్లన్నీ నావాళ్లవే సర్, కావాలంటే మీవి కూడా అన్నాను. ఆయన నవ్వలేదు, టైము మాత్రం ఇచ్చాడు.

ముందు కందకాలు చూద్దామని గుట్ట ఎక్కాను. ఒకటో ప్లటూన్ కందకాల్లో మడమ దాకా నీళ్లున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు తిండి గిన్నెలతో తోడి బయట పోస్తున్నారు. బూట్లు విప్పి బస్తాల మీద పెట్టి, ఒట్టి కాళ్లతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి కంగారుపడి బూట్లు అందుకోబోతే, ఉండండ్రా అన్నాను. పాదాలు బురదగా ఉన్నాయి, కడిగి చూస్తే ఎర్రగా గట్టిగా ఉన్నాయి. మూడో ప్లటూన్‌లోనూ అంతే. వాళ్ల సార్జెంట్ ఎవడో గానీ, ఎలాగూ తడుస్తున్నాం కదా అని గంటకోసారి బూట్లు విప్పించి నీళ్లు వంపించేస్తున్నాడు. శుభ్రం తక్కువే, కాళ్లు మాత్రం బాగున్నాయి.

గుట్ట మీద రెండో ప్లటూన్ ఉన్న భాగానికి వచ్చి నేను ఆగిపోయాను. అంత నీటుగా ఉన్న కందకాలు నా సర్వీసులో చూడలేదు. నీళ్ల గుంట సరిగ్గా తీశారు, పక్కన సన్నటి కాలువ తవ్వారు, పైన కప్పు మీద ప్లాస్టిక్ పట్టా వాలుగా కట్టారు. అడుగున నేల తడిగా ఉందిగానీ నీళ్లు నిలవలేదు. నిఖిల్ కందకంలోకి దిగి కాసేపు కూర్చున్నాను. నానబెట్టుకుందామన్నా నీళ్లేవి అక్కడ? అన్నిటికంటే పొడి కందకంలో ఉన్నవాళ్లకి అన్నిటికంటే తడి కాళ్లు. ఆ తడి ఎక్కడిదో తెలిస్తే అంతా తెలిసినట్టే అనుకుని లేచాను.

వైద్యశాలలో ఫ్యాన్ల కింద కాళ్లు చాపుకుని కూర్చున్నారందరూ. నిఖిల్‌ని పిలిచి, నువ్వు కందకంలోకి దిగేముందు బూట్లు ఎలా వేసుకున్నావో నా కళ్లముందు చేసి చూపించు, నోటితో ఏమీ చెప్పొద్దు అన్నాను. నోటితో అడిగితే మనుషులు తమకి ముఖ్యమనిపించింది చెప్తారు, చెయ్యి మాత్రం చేసేదంతా చూపిస్తుంది. ఇది నా పాత పద్ధతి, నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

వాడు సంచీ తెచ్చుకున్నాడు. ఇక్కడి కుర్రాళ్ల సంచీ మీరు చూడాలి. చొక్కా ఒక జిప్‌లాక్ కవర్లో, బనీను ఇంకో కవర్లో, పళ్ల బ్రష్షు కూడా కవర్లో. ప్రతి కవరూ మడిచి, మీద కూర్చుని, లోపలి గాలంతా తీసి మూస్తారు. వానలో సామాను తడవకూడదని మొదటి రోజు నుంచీ నేర్పే అలవాటు అది. నిఖిల్ పాదానికి పౌడర్ చల్లాడు. సాక్సు తొడిగాడు. తర్వాత సంచీ పక్క జేబులోంచి సన్నగా పొడుగ్గా ఉన్న ప్లాస్టిక్ కవరు తీసి, సాక్సు మీద మోకాలి కింద దాకా తొడిగాడు. కిందినుంచి పైకి అరచేత్తో నిమిరి గాలి తీసేశాడు. పైన రబ్బరు బ్యాండు వేశాడు. దాని మీద బూటు. లేసు కట్టి, ఏముంది ఇందులో అన్నట్టు నా వైపు చూశాడు.

నాకు నవ్వాగలేదు. ఆ కవరు నాకు తెలుసు, ఈ ఊళ్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వాన పడితే పెద్ద భవనాల గుమ్మాల్లో ఒక స్టాండు పెడతారు, తడి గొడుగు నేల మీద కారకుండా పొడుగాటి కవరు తొడుక్కుని లోపలికి రమ్మని. గొడుక్కి చేసిన కవరు కాలికి అంత చక్కగా పడుతుందని ఎవరికి తడుతుంది! రాత్రి కూడా తీసేవాడివి కాదా అంటే లేదన్నాడు. ఎప్పుడు దాడి వస్తుందో తెలీదు కాబట్టి బూట్లతోనే పడుకోవాలి, పైగా సీల్ చేసేశాం కదా, విప్పి చూడాల్సిన పనేముంది అని వాడి ఆలోచన. ప్లటూన్‌లో అందరికీ వాడే పంచాడట. నా టెంటు ముందు వరస కట్టేముందు తీసి, శుభ్రంగా మడిచి సంచీలో పెట్టుకున్నారు. సామాన్లన్నిటికీ చేసేదే కాళ్లకీ చేశారు, అందుకే చెప్పాల్సిన సంగతని ఒక్కడికీ అనిపించలేదు. ఒకే జవాబు రావడం వెనక కుట్రేమీ లేదు.

ఇన్ని కవర్లు ఎక్కడివిరా అన్నాను. తల దించుకున్నాడు. ఆ రోజంతటిలో వాడి నోటి నుంచి వచ్చిన తెలుగు అదొక్కటే. "అమ్మ ఇచ్చింది."

శిరీష ఆఫీసుకి వెళ్తూ వస్తూ, ఒక కవరు కావాల్సిన చోట గుప్పెడు తీసుకుని హ్యాండుబ్యాగులో వేసుకునేదట. కొడుకు వానలో కందకాల్లో ఉంటాడని తెలిసి నెల రోజులుగా పోగేసింది. ఇంగ్లీషులోనే, గొంతు తగ్గించి, అమ్మకి మాత్రం చెప్పొద్దు ఎంచిక్ అని అడిగాడు. విచారణ గురించి ఒక్క ముక్క అడగలేదు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే కెప్టెన్ గోకి చెప్తే ఆయన మొహం ఇంకా గట్టిపడింది. అయితే తప్పు వాడిదేనన్నమాట, అనుమతి లేని వస్తువు తెచ్చి ప్లటూన్ కాళ్లన్నీ వాడే పాడుచేశాడు, నేరం పేరు మారుతుంది అంతే అన్నాడు. తర్వాత, ఆ ప్లాస్టిక్‌లో అంత నీళ్లెలా వస్తాయి, నీళ్లు రానివ్వకపోవడానికే కదా అది, ఇంకేదో చేసుంటారు అన్నాడు. సర్, మీరే చూడండి అని ఒక గొడుగు కవరు ఆయన చేతిలో పెట్టాను. ఒక్క కాలికే తొడుక్కోండి, రెండో కాలు మామూలుగా ఉంచండి, వానలోకి వెళ్లొద్దు, నీళ్లు తొక్కొద్దు, మీ పని మీరు చేసుకోండి, మధ్యాహ్నం భోజనం అయ్యాక విప్పుదాం అన్నాను. ఆయనకి పట్టుదల ఎక్కువ. తొడుక్కున్నాడు.

నడకకి మిగిలినవాళ్లని సిద్ధం చేస్తూ పొద్దుటి నుంచీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. భోజనం అయ్యాక షెడ్డు కింద బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పాడు. మామూలు కాలి సాక్సు కాస్త చెమ్మగా ఉంది. రెండో కాలి కవరు లాగుతుంటే అడుగున నీళ్లు కదిలాయి. సాక్సు తీసి పిండితే ధార కారింది. వేళ్ల మధ్య అప్పుడే తెల్లబడుతోంది. ఆయన ఆ సాక్సు పట్టుకుని కప్పు వైపు చూశాడు, ఎక్కడైనా కారుతోందేమోనని. కారడం లేదు. ఒక్క పూటకే, అదీ పొడి నేల మీద, ఒంట్లోంచే ఇంత చెమట వస్తే, రోజుల తరబడి విప్పకుండా ఉన్నవాళ్ల కాళ్లలో ఎంత ఉంటుందో నేను విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, చెప్పాను. సర్, బూటులోకి చుక్క నీరు పోకూడదని మీ ఆజ్ఞ. కంపెనీలో దాన్ని అక్షరాలా పాటించింది రెండో ప్లటూనొక్కటే. మిగతా రెండు ప్లటూన్లూ మీ మాట వినలేదు, నీళ్లలో నిలబడి విప్పి ఆరబెట్టుకున్నాయి, బాగున్నాయి. ఆజ్ఞ పాటించినందుకు ఏ నేరం మోపుతారో మీరే చూడండి అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదైందనే అనుకుంటాను.

ఆయన ఆ కాలిని శుభ్రంగా తుడుచుకున్నాడు. తర్వాత బూట్లు వేసుకుని, నాకోసం ఆగకుండా ఒక్కడే కల్నల్ టెంటుకి వెళ్లి, ఇది మొదట నా ఆజ్ఞలోనే ఉంది అని చెప్పాడు. నేను వెళ్లేసరికి నేరం సంగతి అయిపోయింది. ఆ రోజు నుంచి కెప్టెన్ గో మీద నాకున్న గౌరవం రెట్టింపయింది. హోదా ఉన్నవాడు తన మాట తను వెనక్కి తీసుకోవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

కల్నల్ ఆ సాయంత్రమే కొత్త ఆజ్ఞ ఇచ్చాడు. కాళ్లకి ప్లాస్టిక్ ఏదీ తొడగకూడదు. నీళ్లు పోయినా ఫర్వాలేదు, పోయిన నీళ్లు బయటికి రావాలి. రోజుకోసారి బూట్లు విప్పాలి, పక్కవాడు చూడాలి, ఆపైన కమాండర్ స్వయంగా చూడాలి. పాత యుద్ధాల్లో నేర్చుకున్నదే, మళ్లీ నేర్చుకున్నాం. నిఖిల్ కాళ్లు పూర్తిగా తేరుకోవడానికి చాలా రోజులు పట్టి, ఆఫీసర్ శిక్షణకి ఆ విడత వెళ్లలేకపోయాడు. తర్వాతి విడత వెళ్లాడు.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మరుసటి ఏడాది వానల్లో ఇంకో బెటాలియన్‌లో కందకాల తనిఖీకి పిలిచారు. ఒక తెలుగు కుర్రాడి బూటు విప్పిస్తే లోపల గొడుగు కవరు. పైన రబ్బరు బ్యాండు కూడా అదే తీరు. ఎవరిచ్చార్రా అంటే, "శిరీష ఆంటీ టోల్డ్ మై మమ్, ఎంచిక్. వెరీ గుడ్ వన్, షీ సే." తన కొడుకు ఆఫీసర్ శిక్షణలో ఉన్నాడు కదా, పిలుపొచ్చిన ప్రతి కుర్రాడి తల్లికీ కవర్ల కట్ట ఇచ్చి, మావాడికి ఇవే పనికొచ్చాయి అని చెప్తోంది పాపం. ఎవరూ ఆవిడకి చెప్పలేదు మరి.

ఆ కుర్రాడి కాలు అప్పుడే మొదలవుతోంది, ఆరబెట్టించాను. బయటికొచ్చి నిఖిల్‌కి ఫోన్ చేసి, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్నాను. నేనే చెప్తానన్నాడు.

రెండు రోజులకి శిరీష ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, పోయినేడాది ఆ కందకాల తర్వాత ఇంటికొచ్చినన్ని వారాలూ ఇరవై నాలుగ్గంటలూ సాక్సులతోనే తిరిగాడండీ. ఇంట్లో సాక్సులేంటి, నేల జారుతుంది, తియ్యరా అని తిట్టాను. నవ్వి ఊరుకున్నాడు. పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టాను, కాళ్లు మాత్రం చూడలేదు." ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు బాగున్నాయమ్మా, నేను చూశాను అన్నాను. ఫోన్ పెట్టేశాక తను కవర్లిచ్చిన ప్రతి తల్లికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి, పారెయ్యమని చెప్పిందట. ఆ సంగతి తర్వాత ఆ తల్లులే నాకు చెప్పారు. ఇదంతా రాయమన్నది కూడా శిరీషే. నా పేరు పెట్టే రాయండి, అప్పుడే నమ్ముతారు అంది.

ముప్ఫై ఏళ్ల సర్వీసులో కందకం ఆరోగ్యం గురించి నాకు తేలింది ఇంతే. వానకి తడిసిన కాలు పాడవదు, విప్పి చూడని కాలు పాడవుతుంది. మూసేసిన చోట ఏం జరుగుతుందో మూసినవాడికి కూడా తెలీదు. మీవాడు సైన్యం నుంచి శనివారం ఇంటికొచ్చి, సాక్సులు తీయకుండా తిరుగుతున్నాడనుకోండి, వాడు ఎంత నవ్వినా వినకండి. అన్నం పెట్టేముందు విప్పించి చూడండి.